మిషను ఆగినా నీళ్లు ఆగవు
(అమీర్‌పేట, పంజాగుట్ట బస్తీల మహిళల సమావేశంలో చేసిన ప్రసంగం)



పంజాగుట్ట నుంచి ఖైరతాబాద్ పోయే దారిలో విద్యుత్ సౌధ ఉంది. మీరంతా చూసిందే. మన రాష్ట్రంలో ఎక్కడ ఎంత కరెంటు తయారు చెయ్యాలో అక్కడి నుంచే చెబుతారు. వాడకం పెరిగితే పెంచమంటారు. తగ్గితే తగ్గించమంటారు. వేరే రాష్ట్రాల్లోనూ ఇట్లాంటి ఆఫీసులున్నాయి.

నీళ్లతో కరెంటు ఎట్లా పుడుతుంది? నదికి అడ్డంగా డ్యాం కడతారు. నీళ్లు పెద్ద గొట్టంలో కిందికి దూకుతాయి. ఆ ఊపుకు చక్రం తిరుగుతుంది. కరెంటు పుడుతుంది.

నాగార్జునసాగర్ వంటి పెద్ద డ్యాం నీళ్లను నెలల తరబడి దాస్తుంది. చిన్న డ్యాం కడుపు చిన్నది. అది దాచలేదు. మిషను ఆపితే గేట్లు ఎత్తి నీళ్లు వదలాల్సిందే. అప్పుడు కింద నది నిమిషాల్లో పొంగుతుంది. వాన లేకపోయినా పొంగుతుంది.

2014 జూన్ 8న ఇదే జరిగింది. హైదరాబాద్ ఇంజనీరింగ్ కాలేజీ పిల్లలు హిమాచల్ ప్రదేశ్‌కు యాత్ర పోయారు. సాయంత్రం బియాస్ నదిలో రాళ్ల మీద ఫొటోలు దిగుతున్నారు. పైన లార్జి డ్యాం ఉంది. కరెంటు తగ్గించమని కబురొచ్చింది. గేట్లు ఎత్తారు. 24 మంది విద్యార్థులు, వెంట వచ్చిన టూరు మనిషి ఒకరు కొట్టుకుపోయారు. ఒక్కో విద్యార్థి కుటుంబానికి 20 లక్షల రూపాయలు ఇవ్వాలని 2016లో హైకోర్టు తీర్పు చెప్పింది. డబ్బు వస్తుంది. బిడ్డ వస్తుందా?

లార్జి ప్రభుత్వానిది. ప్రైవేటు కంపెనీల చిన్న డ్యాంలు కూడా దేశంలో చాలా ఉన్నాయి. యజమాని ఎవరైనా నీళ్ల గుణం ఒక్కటే. 2021లో డ్యాంల భద్రతకు చట్టం వచ్చింది. 15 మీటర్లు దాటిన డ్యాం కంపెనీదైనా ఆ చట్టానికి లోబడాలి. కింది జనానికి ముందే హెచ్చరిక అందే ఏర్పాటు యజమానే చెయ్యాలి. కానీ 10 మీటర్లు కూడా లేని చిన్న కట్టలకు ఈ చట్టం లేదు. కాబట్టి మన జాగ్రత్త మనకుండాలి.

కోచింగుల కోసం ఎన్నో జిల్లాల పిల్లలు అమీర్‌పేటకు వస్తారు. మన పిల్లలూ యాత్రలకు పోతారు. పోయే ముందు వాళ్లకు ఈ మాటలు చెప్పండి:

నదిలో దిగే ముందు పైన డ్యాం ఉందేమో అడగాలి.
బోర్డు ఉంటే చదవాలి. భాష రాకపోతే ఊరివాళ్లను అడగాలి.
సైరన్ మోగినా, నీళ్లు పెరిగినా వెంటనే గట్టెక్కాలి. చెప్పులు, సంచుల కోసం ఆగొద్దు.

"ప్రమాదం" అనే మాట ఇప్పుడు మీరు చదవగలరు. ఈ రాత్రి ఇంట్లో పిల్లల ముందు దాన్ని రాసి చూపించండి. ఎందుకు రాశారో కూడా చెప్పండి.

సెలవు.