నేతగాళ్ళ కొండ మీద మూడు రోజులు

మేము ఎనిమిదో తరగతి వరకే చదువుకున్నవాళ్ళం. సభలో చెప్పినదాన్నే సంచికకు రాసియ్యమన్నారు. తప్పులుంటే మన్నించండి.

మా మరదల్ని యానాం వాళ్ళింట ఇచ్చినాము. 1954 దాకా యానాం ఫ్రెంచివారి ఏలుబడిలో ఉండె గదా, ఆ ఇంటివాళ్ళకు ఫ్రాన్సు పౌరసత్వం ఉంది. ఇప్పుడు లియోన్ అనే ఊళ్ళో కాపురం. "బావా, ఒక్కసారి వచ్చిపోండి, ఇది మన పనివాళ్ళ ఊరే" అని పిలవగా పిలవగా, మేమూ మా ఇంటావిడా పోతిమి. పారిస్ నుంచి వేగం రైల్లో రెండు గంటల ప్రయాణం. రోన్, సోన్ అని రెండు నదులు కలిసే చోట ఉంది ఊరు.

మొదటి రోజు సోన్ నది పక్క పాత ఊరు చూసినాము. ఒక వీధిలో తలుపు తోస్తే, ఇళ్ళ లోపలినుంచే ఇంకో వీధికి దారి ఉంటుంది. వీటిని త్రబూల్ అంటారు. లోపల జనం కాపురాలు ఉంటారు కాబట్టి గట్టిగా మాట్లాడకూడదు. అక్కడినుంచి ఫూర్వియేర్ కొండమీది గుడికి తీగ లాగే రైలు ఎక్కినాము. దాన్ని ఊరివాళ్ళు ముద్దుగా 'దారం' అని పిలుస్తారంట. నేతగాళ్ళ ఊరికి తగిన పేరే! పైనుంచి ఊరంతా కనబడుతుంది. పక్కనే రెండువేల ఏండ్ల నాటి రోమను రంగస్థలం ఉంది, రాతి మెట్లమీద కూర్చుని ఊరికే గాలి పోసుకున్నాము.

రెండో రోజు క్రువా రూస్ కొండ. ఫూర్వియేర్‌ను 'ప్రార్థన చేసే కొండ' అంటారు, దీన్ని 'పనిచేసే కొండ' అంటారు. 1536లో రాజు అనుమతిచ్చినాక ఈ ఊళ్ళో పట్టునేత పెరిగింది. ఇక్కడి పట్టు నేతగాళ్ళకు కన్యూలు అని పేరు. ఇళ్ళ కప్పులు నాలుగు మీటర్ల ఎత్తు! ఎందుకంటే జకార్డు మగ్గం నిలబడాలి కదా. మనం పొద్దున లేస్తే పలికే ఈ 'జకార్డు' ఒక మనిషి పేరు. జోసెఫ్ మరీ జకార్డ్ 1752లో ఈ ఊళ్ళోనే నేతగాని ఇంట పుట్టినాడు. 1804లో, ముందువాళ్ళ పనిని కూడగట్టి, చిల్లుల అట్టలతో పువ్వు లేపే యంత్రం చేసినాడు. అంతకుముందు తాళ్ళు లాగేదానికి పక్కన ఇంకో మనిషి ఉండాల్సిందే. పని పోతుందని అప్పట్లో నేతగాళ్ళు ఆయన మీద తిరగబడినారు. ఇప్పుడు ఆ కొండమీదే ఆయన విగ్రహం ఉంది.

మెజోన్ దె కన్యూ అని అక్కడ నేతగాళ్ళ ఇల్లు ఉంది. టికెట్టు కొని లోపలికి పోతిమి. ఒకాయన మగ్గం ఆడించి చూపించినాడు. ఆ టకటక వినగానే మా ఇంటావిడ నా చెయ్యి పట్టుకునింది. "డబ్బిచ్చి మగ్గం చూసేదానికి ఇంత దూరం వస్తిమా?" అనింది. తరువాత చాలాసేపు మాట్లాడలేదు.

దగ్గరలోనే ఒక పెద్ద గోడ నిండా కన్యూల పేట బొమ్మ గీసినారు. నిజం మెట్లే అనుకుని ఎక్కబోతాము, అట్లా ఉంటుంది. వొరాస్ వాకిలి అనే చోట ఆరంతస్తుల రాతి మెట్లు ఉన్నాయి. 1831లో కన్యూలు కూలికి ఒక రేటు కట్టమని అడిగినారు. అక్టోబరులో ఒప్పందం అయింది, కొందరు షావుకార్లు మేము ఒప్పుకోము అన్నారు. నవంబరులో నేతగాళ్ళు లేచి ఊరు పట్టుకున్నారు. డిసెంబరులో సైన్యం వచ్చింది, రేటు రద్దయింది. 1835లో అదే కొండ వాలులో, గ్రాండ్ కోట్ వీధిలో, సరుకుల సహకార అంగడి ఒకటి తెరిచినారు. సంఘం లెక్కలు రాసే మాకు ఆ వీధిలో నడుస్తుంటే సొంత ఊళ్ళో ఉన్నట్టే అనిపించింది.

ఇంక తిండి. బూషోన్ అనే చిన్న హోటళ్ళలో తినాలి. 'సెర్వెల్ ద కన్యూ' అని ఒకటి ఉంది, అంటే నేతగాని మెదడు! భయపడకండి, గట్టి పెరుగులాంటి మెత్తని జున్నులో ఉల్లి, ఆకులు, ఉప్పు, మిరియాలు, నూనె కలుపుతారు. మన పెరుగు పచ్చడికి చుట్టమే. ఆ ఊరి సలాడ్‌లో పందిమాంసం ముక్కలు వేస్తారు, వద్దనుకుంటే ముందే చెప్పండి. ఎర్రటి చక్కెర బాదం గింజలతో చేసే తార్త్ బాగా తియ్యన.

మూడో రోజు తెత్ దోర్ తోట. చెరువు, జంతువులు, గులాబీలు ఉన్నాయి, లోపలికి డబ్బు లేదు. సాయంత్రం లూమియేర్ అన్నదమ్ముల ఇల్లు. 1895లో వాళ్ళ ఫ్యాక్టరీ నుంచి పనివాళ్ళు బయటికొచ్చేది సినిమాగా తీసింది అక్కడే.

ఇప్పుడు అసలు మాట. మా సంఘం గోదాములో పదకొండు జకార్డు పెట్టెలు తుప్పు పట్టి ఉన్నాయి. పాత ఇనుముకు అమ్మేదానికి తీర్మానం రాసింది మేమే. ఊరికి తిరిగొచ్చి కమిటీలో ఆ తీర్మానం ఆపమని అడిగినాము. తొమ్మిది పోయినాయి, రెండు నిలిచినాయి. సంఘం ముందు గదిలో ఒకదాన్ని ఎక్కించి, ఇంట్లోని ముసలివాళ్ళను పిలిచి, శనివారాలు బడి పిల్లలకు చూపిస్తున్నాము.

దీంతో నేత బతుకుతుందని మేము చెప్పము. లియోన్‌లో కూడా చేతి మగ్గం రాజభవనాల గుడ్డలకే, కొద్ది చోట్లే మిగిలింది. చూపించే మగ్గం వేరు, కూడు పెట్టే మగ్గం వేరు. కూలి గిట్టకపోతే పిల్లలు రారు, మా కొడుకూ రాలేదు. కాబట్టి కూలి కోసం అడుగుతూనే ఉండాలి. దాంతోపాటు ప్రతి ఊళ్ళో ఒక్క మగ్గమైనా నిలబెట్టండి. మన మనవళ్ళు మగ్గం చూడాలంటే టికెట్టు కొనే గతి రాకూడదు.

సెలవు.