ఈశ్వరీబాయమ్మ యాదిలో
(చిక్కడపల్లిలో చేసిన ప్రసంగ పాఠం)



చిక్కడపల్లి, అశోక్‌నగర్, నారాయణగూడ గదుల్లో ఉండి కొలువుల కోసం చదువుతున్న మన వాడల పిల్లలకు ఒక తల్లి సంగతి చెప్పాలె.

ఈశ్వరీబాయి 1918 డిసెంబర్ 1న సికింద్రాబాద్ చిలకలగూడలో మాల ఇంట్ల పుట్టింది. చిన్న వయసులోనే పెళ్లయింది. తర్వాత పుట్టింటికొచ్చి తన కాళ్ల మీద నిలబడింది. పరోపకారిణి బడిలో పంతులమ్మగా పనిచేసింది, ట్యూషన్లు చెప్పింది, బిడ్డను చదివించింది. ఆ బిడ్డ గీతారెడ్డి డాక్టరయింది, మంత్రి కూడా అయింది.

తన బిడ్డ ఒక్కతి బాగుపడితే చాలనుకోలేదు. వాడ పిల్లల కోసం చిలకలగూడలో బడి పెట్టింది. అంబేద్కర్ బాటలో రిపబ్లికన్ పార్టీ జెండా పట్టి 1967లో ఎల్లారెడ్డి నుంచి అసెంబ్లీకి గెలిచింది, 1972లో మళ్లీ అక్కడి నుంచే గెలిచింది. 1968లో కంచికచర్లలో కోటేశును సజీవంగా తగలబెడితే సభలో సర్కారును నిలదీసింది. 1969 తెలంగాణ ఉద్యమంలో జైలుకు పోయింది. 1991 ఫిబ్రవరిలో కన్నుమూసింది.

పిల్లలారా, ఊర్లె మీ అమ్మ కూలికి పోయి గది కిరాయి పంపుతున్నది. సిటీ సెంట్రల్ లైబ్రరీలో కూసోని బాగా చదవండి. కొలువు రాంగనే వాడ తొవ్వ మరవకండి. పండుగకు ఊరికి పోయినప్పుడు నలుగురు పిల్లలను కూసోబెట్టుకొని చదువు చెప్పండి. ఈశ్వరీబాయమ్మ ఫొటోకు దండేసినంక ఆ పని కూడా చేయాలె.

జై భీమ్!