వలస కుటుంబముల బిడ్డలు – మన కర్తవ్యము



విద్యాదానమును గూర్చి యిట్టి సభలలో పలుమారు వింటిమి. నేడు విద్యకు పూర్వాంగమైన మనస్స్వాస్థ్యమును గూర్చి నాలుగు మాటలు విన్నవింపదలచితిమి.

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు జిల్లాలు 2016 వఱకు ఉమ్మడి పాలమూరు జిల్లాలోనివి. కృష్ణ చెంతనే పాఱుచున్నను, వానను నమ్మి బ్రదికిన యీ సీమనుండి కూలిజనము చిరకాలముగ వలసపోవుచున్నది. ఎత్తిపోతల నీరు చేరినచోట వలస తగ్గినదే కాని మానలేదు. తలిదండ్రులు ముంబయి, పూనా, హైదరాబాదులకు పోగా, బిడ్డలు అవ్వతాతలకడ మిగులుదురు. లేక బడి విడిచి వెంట బోవుదురు. గద్వాల ప్రాంతపు సంకర పత్తివిత్తనపు చేలలో సాయంకాలము మొగ్గ గిల్లి, మఱునాటి యుదయమున పుప్పొడి యంటించు పనికి చిన్నచేతులను వాడుకొనిన దురాచారము ఎల్లరెఱిగినదే. బడివేళలు గాక స్వకుటుంబమునకు చేయు సాయము దక్క, 14 ఏండ్లు నిండని వారిచే పనిచేయించుటను 2016 నాటి సవరణచట్టము నిషేధించినది. నల్లమల పెంటలనుండి వసతిగృహములకు వచ్చు చెంచుబాలురకు అడవియు, అమ్మ యొడియు నొక్కమాఱే దూరమగును.

ఇట్టి శిశువు "నాకు దుఃఖముగ నున్నది" అని చెప్పనేరడు. మౌనము, నిద్రలో నులికిపాటు, మాటిమాటికి కడుపునొప్పి, అకారణ కోపము, బడి యెగవేత – ఇవియే వాని భాష. దానిని సోమరితనమని తలచి బెత్తమెత్తుట రోగికి విషము పెట్టుట వంటిది. 2009 నాటి విద్యాహక్కుచట్టము దేహదండనమునే గాక మానసిక వేధనమును గూడ నిషేధించినది.

చికిత్స దుర్లభము గాదు. ప్రతిదినమును పేరుపెట్టి పిలిచి, చెప్పినది వినునట్టి పెద్ద యొకరు. వేళకు అన్నము, ఆట, నిద్ర. వారమున కొకమాఱు తలిదండ్రులతో ఫోనున మాట – వీనివలన పెక్కుమంది తేరుకొందురు. తేరుకొననివారిని వైద్యునికడకు గొనిపోవలయును. ఆపదయందు 1098, మనోవ్యథయందు 14416 అను సంఖ్యలు కలవు.

వనపర్తి సంస్థానమున పుట్టిన రాజబహదూరు వెంకటరామారెడ్డిగారు 1918లో హైదరాబాదున రెడ్డి వసతిగృహమును నెలకొల్పిరి. పల్లెబాలునికి కూడు, గూడు కల్పించిన గాని చదువు నిలువదని వారెఱిగిరి. పిమ్మట పెక్కు కులములవా రా మార్గమునే త్రొక్కిరి. ఆ కూటికి, గూటికి తోడుగ నిపుడు ఓదార్పును చేర్పవలయును.

కావున దాతలకు మా విన్నపములు రెండు. మన వసతిగృహమున బాలుర మాట వినుటకే శిక్షణ పొందిన యొకరిని నియమింపుడు. వలసకాలమున కొన్ని స్థానములను కులభేదము లేక, ఒంటరిగ మిగిలిన బిడ్డలకు విడిచిపెట్టుడు. "మా డబ్బు పరుల పిల్లలకా?" అని కొందఱందురు. ఏడ్చెడి శిశువు కన్నీటికి కులము లేదు. మన గడపకడ నిలిచిపోవు దానము దానము గాదు, పంపకము మాత్రమే.

సభవా రీ రెంటిని నేడే తీర్మానింతురుగాక యని ప్రార్థించుచు సెలవు గైకొనుచున్నాము.