గాలిలోని అడంగలు

(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేయబడిన ఉపన్యాసము)



పూర్వము గ్రంథాలయమనిన పుస్తకములు, పత్రికలు, ఒక బల్ల, ఒక దీపము. నేడు అనేక పఠనమందిరములలో ఒక మూల కంప్యూటరును, గోడపై రౌటరను చిన్న పెట్టెయును చేరినవి. ఆ పెట్టె తీగ లేకయే వార్తలను చేరవేయును. దానినే జనులు వైఫై యందురు. విద్యార్థి దరఖాస్తు పంపుటయు, రైతు తన భూమి వివరము చూచుకొనుటయు, కూలివాడు ఫోనుద్వారా ఇంటికి సొమ్ము పంపుటయు పలుచోట్ల దీనిపై నాధారపడియున్నవి. ఇంత బరువు మోయు వస్తువు గాలిలో నేమి చేయుచున్నదో తెలిసికొనుట చదువరులకు తగిన పని.

ఈ పెట్టె మౌని కాదు. తన పేరు, తాను వాడు చానలు, తన ద్వారమునకు తాళము గలదా లేదా యను సంగతి, వీనిని సాధారణముగా 102.4 మిల్లీసెకన్లకు ఒకమారు, అనగా సెకనుకు సుమారు పదిమార్లు, చాటుచుండును. ఈ దండోరాకు బీకన్ అని పేరు. 802.11 అను ప్రమాణము 1997లో వెలువడినది. వైఫై యను పేరు 1999లో వచ్చినది. సమీపమున నున్న యంత్రము ఈ చాటింపులను ఊరకయే వినవచ్చును, లేదా “ఇచట నెవరున్నారు?” అని తానే కేకవేసి బదులు పొందవచ్చును. ఈ రెండు విధముల వెదకుటయే స్కానింగు.

ఫోనులో సామాన్యముగా కానవచ్చునది పేరును, నాలుగు గీతలును మాత్రమే. పూర్తి పట్టీ కావలెనన్న కంప్యూటరులో ఆజ్ఞలు వ్రాయు తెరను తెఱచి ఆంగ్లాక్షరములతో ఆజ్ఞ నీయవలెను. లినక్సు యంత్రములలో “ఎన్ఎంసిఎల్ఐ డివైస్ వైఫై లిస్ట్” అనునది సులువైన ఆజ్ఞ. మఱింత వివరమునకు “సుడో ఐడబ్ల్యు డెవ్ డబ్ల్యులాన్0 స్కాన్” గలదు. ఇందు డబ్ల్యులాన్0 అనుచోట ఆ యంత్రములోని వైఫై పరికరము పేరు వ్రాయవలెను. విండోసులో “నెట్‌ష్ డబ్ల్యులాన్ షో నెట్‌వర్క్స్ మోడ్=బిఎస్ఎస్ఐడి” అని కొట్టిన చాలును.

అపుడు తెరపై నిలుచు పట్టీ అడంగలు చదివినవారికి క్రొత్త కాదు. పొలమునకు వాడుక పేరొకటి, సర్వే నంబరొకటి యుండును గదా! మామిడితోట యను పేరు ఊరిలో నాలుగు తోటలకు ఉండవచ్చును. సర్వే నంబరు ఒక్కదానికే. అట్లే ఇచట ఎస్ఎస్ఐడి యనునది యజమాని తనకు నచ్చినట్లు పెట్టుకొన్న పేరు. బిఎస్ఎస్ఐడి యనునది పండ్రెండు గుర్తులు గల పరికరసంఖ్య. వేఱొక గడిలో సంకేతబలము కనబడును. కొన్ని ఆజ్ఞలు దానిని నూటికింత యని తెలుపును. కొన్ని ఋణసంఖ్యగా తెలుపును. ఋణము గావున తక్కువయైనదే మేలు. -40 డీబీఎం గల సంకేతము -70 గలదానికంటె వేయిరెట్లు బలమైనది.

ఇక చానలు సంగతి. 2005లో భారత ప్రభుత్వము 2.4 గిగాహెర్ట్జ్ పట్టీని లైసెన్సు లేకయే వాడుకొన ననుమతించినది. ఇది ఊరుమ్మడి బీడు వంటిది. అందఱిదియు గావున అందఱును అచటనే చేరుదురు. ఇందలి చానళ్లు ఐదేసి మెగాహెర్ట్జ్ ఎడముతో నున్నవి. కాని ఒక్కొక్క ప్రసారమునకు సుమారు ఇరువది మెగాహెర్ట్జ్ వెడల్పు కావలెను. కావున 1, 6, 11 అను చానళ్లు ఒకదానినొకటి ఒరయక నిలుచును. మూడవ చానలును పట్టినవాడు గట్టుమీద దున్నినవాడు. ఇరుప్రక్కలవారికిని చెఱుపు చేయును.

ఒక పఠనమందిరమున వైఫై మందగించినదనుకొందము. కార్యదర్శి క్రొత్త పెట్టె కొనుటకు చందాలు వసూలు చేయనెంచును. పట్టీ చూచినచో ప్రక్క దుకాణములవి నాలుగు పెట్టెలు ఆఱవ చానలుననే క్రిక్కిఱిసి యుండును. పదునొకండవది ఖాళీగా నుండును. చానలు మార్చుటకు రూపాయి ఖర్చు లేదు. చందాదారుల సొమ్ము మిగులును. పెట్టెకు అపనింద తప్పును.

అయితే ఈ పట్టీవలన కలుగు ముఖ్యప్రయోజనము వేగము కాదు, జాగ్రత్త. పేరు ఎవరైనను పెట్టుకొనవచ్చునని చెప్పబడినది గదా! మోసగాడు గ్రంథాలయపు పేరునే తన పెట్టెకు పెట్టి, తాళము లేకుండ తెఱచి యుంచవచ్చును. ఒకే పేరు రెండుమార్లు కానబడినంతనే దొంగయని తలపరాదు. ఒక పెట్టెయే 2.4, 5 గిగాహెర్ట్జ్ పట్టీలు రెండింట చాటుకొనుట సాధారణము. కాని ఒకటి డబ్ల్యుపిఎ2 తాళముతో నుండి, అదే పేరు గల రెండవది తాళము లేక యున్నచో సందేహింపవలెను. బిఎస్ఎస్ఐడిని గ్రంథపాలకుని యొద్దనున్న సంఖ్యతో సరిచూచుకొనుట మంచిది. అయినను ఆ సంఖ్యను సైతము అనుకరింప నేర్చినవారు గలరు. కావున పట్టీ అనుమానమును పుట్టింపగలదు గాని హామీ పత్రము వ్రాసి యీయజాలదు. సొమ్ము లావాదేవీలను అపరిచితమైన వైఫైలో జరుపక, ఫోను సొంత డేటాతో జరుపుట క్షేమము. బ్యాంకు పుట తెఱచునపుడు హెచ్చరిక కనబడిన దానిని దాటిపోరాదు. పాతదైన వెప్ తాళము 2001 నాటికే ఛేదింపబడినది. అది పట్టీలో కనబడిన యజమానికి చెప్పి మార్పించుట పొరుగుధర్మము.

చివరకు ఒక హద్దు. వీథిలో దండోరా వినుట తప్పు కాదు. పరుల గడియ తీయుట తప్పు. అనుమతి లేక ఇతరుల నెట్‌వర్కులో ప్రవేశించుట 2000 నాటి సమాచార సాంకేతిక చట్టము 43వ సెక్షనుకు విరుద్ధము. దురుద్దేశముతో చేసినచో 66వ సెక్షను క్రింద మూడేండ్లవఱకు కారాగారమునకు గాని, ఐదులక్షల రూపాయలవఱకు జరిమానాకు గాని, రెండింటికి గాని గుఱిచేయును. చూపు నేర్పిన విద్యయే చేతిని అదుపులో నుంచవలెను.

అడంగలు చదువరాని రైతు ఇతరుల మాటను నమ్మి పొలము పోగొట్టుకొన్న కథలు పల్లెలలో కొఱత లేదు. గాలిలోని అడంగలును చదువరానివారికి నేడు అట్టి ప్రమాదమే పొంచియున్నది. గ్రంథాలయము అక్షరములు నేర్పుటకే పుట్టినది; ఈ అక్షరములును అందు చేరునుగాక!