గ్రాస్‌మియరు గ్రామము – అల్లపు రొట్టె

(వార్షికోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)



ఇంగ్లండు దేశపు ఉత్తరభాగమున, కొండలకును సరస్సులకును నడుమ గ్రాస్‌మియరు అను చిన్న గ్రామము కలదు. వర్డ్స్‌వర్తు మహాకవి 1799 మొదలు 1813 వరకు అచ్చట నివసించెను. 1850లో మరణించిన ఆయన సమాధియు ఆ యూరి సెయింట్ ఆస్వాల్డు చర్చి ఆవరణముననే యున్నది.

పూర్వము ఆ చర్చికి మట్టినేల యుండెడిది. చలికిని తడికిని ఓర్చుకొనుటకై గ్రామస్థులు ఏటేట తుంగ కోసి తెచ్చి నేలపై పరచెడివారు. 1841లో రాతిపలకలు పరచిరి. అంతటితో తుంగ యవసరము తీరినది. ఆచారము మాత్రము నిలిచినది. నేటికిని వేసవిలో ఒకనాడు పిల్లలు తుంగతోను పూలతోను అల్లిన చిహ్నములను చేబూని ఊరేగుదురు. ఊరేగిన బిడ్డలకు అల్లపు రొట్టె పంచిపెట్టుదురు.

అల్లము ఆ చలిసీమలో పండునది కాదు. 18వ శతాబ్దిలో వెస్టిండీసు దీవులనుండి శొంఠియు చక్కెరయు ఓడలలో వైట్‌హేవెను రేవునకు వచ్చి, అచ్చటి వంటయిండ్లకు చేరెను. ఆ తీపి వెనుక బానిసల కన్నీరున్న మాటయు మనము మరువరాదు.

చర్చి ద్వారము ప్రక్కన నొక చిన్న యిల్లున్నది. అది 1630లో గ్రామస్థులు చందాలు వేసికొని కట్టించుకొన్న బడి. వర్డ్స్‌వర్తు కవియు కొన్నాళ్లు అందు పాఠములు చెప్పెను. పిదప ఆ యింట కాపురముండిన సారా నెల్సను అను వంటలక్క, 1854లో తనదైన పాకమున అల్లపు రొట్టె చేసి అమ్మసాగెను. అది పలుచనిది, బిస్కత్తు వలె కొంత, కేకు వలె కొంత యుండును. కొరికినంతనే పొడియై, తీపి వెంబడి ఘాటు తగులును. ఆ తల్లి ఇరువురు కుమార్తెలను క్షయవ్యాధికి కోల్పోయినది. అయినను పొయ్యి నార్పలేదు. 1904లో, 88 ఏండ్ల వయస్సున కన్నుమూసినది. ఆమె పాకరహస్యము చేతులు మారుచు నేటికిని గుట్టుగానే యున్నది. అంగడియు ఆ పాత బడియింటనే సాగుచున్నది.

తల్లిదండ్రులారా! అవసరము తీరిన ఆచారము సాధారణముగ ఒక తరములో అంతరించును. గ్రాస్‌మియరు పెద్దలు దానిని పిల్లల కప్పగించిరి. చేతికి తుంగ నిచ్చిరి, నోటికి తీపి నిచ్చిరి. ఆ పిల్లలే పెద్దవారై తమ బిడ్డలను ఆ వరుసలో నిలిపిరి. మన బిడ్డల చేతికి మన మేమి యిచ్చుచున్నామో, ఇంటికి పోయిన పిదప నెమ్మదిగా ఆలోచింతుము గాక!