యూనివర్సిటీ లైబ్రరీ గేటు ఎవరికి తెరవాలె?

(పాఠకుల సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఇయ్యాల మనం మాట్లాడుకునే ముచ్చట చూసేటందుకు చిన్నది. యూనివర్సిటీ లైబ్రరీలకు బయటివాళ్లను రానియ్యాల్నా, వద్దా? వస్తే కూసొని చదువుకొమ్మనాల్నా, పుస్తకం ఇంటికి కూడా ఇయ్యాల్నా? ఇంతే ప్రశ్న. కాని దీని వెనుక ఉన్నది పెద్ద ప్రశ్న. జనం పైసలతో కొన్న జ్ఞానం ఎవరి సొత్తు?

ముందుగాల ఈ 'బయటివాళ్లు' ఎవరో చూద్దాం. తన ఊరి చరిత్ర రాద్దామనుకునే సర్కారు బడి పంతులు బయటివాడే. పీహెచ్‌డీ పట్టా చేతికొచ్చిన మరునాడు లైబ్రరీ కార్డు వాపసు ఇచ్చి, ప్రైవేటు కాలేజీల చాలీచాలని జీతానికి పాఠం చెప్పే లెక్చరర్ బయటివాడే. గ్రూప్స్ పరీక్షకు చదివే బీడీ కార్మికురాలి బిడ్డ, ప్రాజెక్టుల మీద వార్త రాసే విలేకరి, రిటైరైనంక చదువుకుందామని వచ్చిన గుమస్తా, వీళ్లంతా బయటివాళ్లే. గేటు కాడ 'ఐడీ కార్డు ఏది?' అని అడిగితే వీళ్ల దగ్గర జవాబు లేదు. మనలో ఎంతమందిమి ఆ మాట విని వెనక్కి మళ్లినమో చేతులెత్తమంటే ఈ సభల సగం చేతులు లేస్తయి.

మన గడ్డ మీద పుస్తకం ఎవరో దయతో పెట్టింది కాదు. 1901ల హైదరాబాద్‌ల శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం పుట్టింది. 1904ల హనుమకొండల రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయం వచ్చింది. సర్కారు భాష ఉర్దూ అయిన రాజ్యంల, సభ పెట్టాలన్నా పర్మిషన్ అడగవలసిన కాలం కూడా చూసిన రాజ్యంల, చందాలేసుకొని నడిపిన గ్రంథాలయాలవి. వట్టికోట ఆళ్వారుస్వామి 1938ల దేశోద్ధారక గ్రంథమాల పెట్టి ఊరూరు తిరిగి పుస్తకాలు అమ్మిండు. పుస్తకం జనం దగ్గరికి పోవాలనేది వాళ్ల పట్టుదల. జనమే పుస్తకం దగ్గరికి నడిచివస్తే ఆపుతున్న కాలం మనది.

1918ల మొదలైన ఉస్మానియా సంగతి తీసుకోండి. ఆ యూనివర్సిటీ తెలుగు, మరాఠీ, కన్నడ రైతులు కట్టిన శిస్తుతో లేచింది. తర్వాత కాకతీయ వచ్చింది. 2006 నుంచి 2008 దాకా నిజామాబాద్, నల్లగొండ, కరీంనగర్, మహబూబ్‌నగర్‌లకు కూడా యూనివర్సిటీలు వచ్చినయి. ఇవన్నీ జనం పన్నులతోనే నడుస్తున్నయి. జిల్లాల యూనివర్సిటీ పెట్టింది అక్కడ చేరిన పిల్లల కోసమే కాదు, ఆ జిల్లా కోసం.

దీనికి ఒక ఎదురు మాట ఉన్నది. 'బయటివాళ్లకు పౌర గ్రంథాలయాలున్నయి గద, అక్కడికి పొండి' అంటరు. నిజమే, 1960 నాటి గ్రంథాలయాల చట్టం ప్రకారం ఇంటి పన్ను రూపాయి మీద 8 పైసలు సెస్సు మనం కడుతున్నం. అది జిల్లా గ్రంథాలయ సంస్థలకు పోవాలె. కాని అక్కడ దొరికేది వేరు, ఇక్కడ దొరికేది వేరు. పరిశోధన గ్రంథాలు, పాత గెజిట్లు, కమిషన్ల రిపోర్టులు, జర్నళ్లు, తాళపత్రాలు యూనివర్సిటీలనే ఉన్నయి. తెలంగాణ ఉద్యమం దేని మీద నిలబడ్డది? 1955 నాటి ఫజల్ అలీ కమిషన్ రిపోర్టు, బచావత్ ట్రిబ్యునల్ లెక్కలు, 1985 నాటి 610 జీవో, గిర్‌గ్లానీ కమిషన్ రిపోర్టు. నీళ్లు, కొలువుల వాదన ఈ కాగితాల మీద నిలబడ్డది. కాగితం చదివినోడే లెక్క అడుగుతడు. చదవనియ్యకపోతే లెక్క అడిగేటోడు పుట్టడు.

ఇక లైబ్రరీ సిబ్బంది బాధ కూడా వినాలె. కుర్చీలు తక్కువ, పరీక్షలు దగ్గరికొస్తే పొద్దుగాల్నే నిండిపోతయి. పోస్టులు ఖాళీగున్నయి. పుస్తకం పోతే జవాబు చెప్పవలసింది వాళ్లే. పేజీలు చింపేటోళ్లున్నరు, బ్లేడుతో బొమ్మలు కోసేటోళ్లున్నరు. ఇవి అబద్ధాలు కావు. అందుకనే మనం మూడు సంగతులను కలగలపొద్దు. లోపలికి రావడం ఒకటి, కూసొని చదవడం ఒకటి, ఇంటికి తీసుకపోవడం ఇంకొకటి. మొదటి రెంటికి తలుపు బార్ల తెరవాలె. మూడోదానికి షరతులుండాలె.

లోకంల నడుస్తున్న పద్ధతి కూడా ఇదే. అమెరికా కాంగ్రెసు లైబ్రరీల 16 ఏండ్లు నిండిన ఎవరికైనా పైస తీసుకోకుండ రీడర్ కార్డు ఇస్తరు. ఏ దేశం వాళ్లని అడగరు. కాని మామూలు పాఠకునికి పుస్తకం ఇంటికియ్యరు. అక్కడ సర్కారు ప్రచురణలు జమచేసే డిపాజిటరీ లైబ్రరీలు చాలా యూనివర్సిటీలల్లనే ఉన్నయి. ఆ ప్రచురణలను సామాన్య జనానికి ఉచితంగ చూపించాలని చట్టమే ఉన్నది. ఇంకో సంగతి వినండి. 1962 నుంచి పీఎల్ 480 పథకం కింద, మనకు అమ్మిన గోధుమల రూపాయలతోనే, మన భాషల పుస్తకాలు కొని అమెరికా యూనివర్సిటీలకు పంపిండ్రు. తెలుగు పుస్తకాలు కూడా పోయినయి. మన పుస్తకం సముద్రం దాటిపోయి అక్కడి పాఠకునికి అందుతున్నది. ఇక్కడి పంతులుకు మాత్రం గేటు అడ్డం వస్తున్నది.

ఇప్పుడు పుస్తకాలతో పాటు కంప్యూటర్ జర్నళ్లు వచ్చినయి. 'ఒకే దేశం, ఒకే చందా' పథకానికి కేంద్రం 2024 నవంబరుల ఒప్పుకున్నది. 3 ఏండ్లకు 6 వేల కోట్లు, 30 మంది ప్రచురణకర్తలు, దాదాపు 13 వేల జర్నళ్లు, 6,300 సంస్థలు. 2025 జనవరిల మొదలైంది. మంచిదే. కాని అది సర్కారు విద్యాసంస్థలల్ల, పరిశోధన సంస్థలల్ల ఉన్నవాళ్లకే. కోట్లు జనానివి, చదువు కొందరిది. చూపించదలుచుకుంటే దారి ఉన్నది. లైబ్రరీకి నడిచివచ్చిన పాఠకుడు అక్కడి కంప్యూటర్‌ల చదువుకోవచ్చని చాలా ప్రచురణ సంస్థల ఒప్పందాలల్లనే రాసి ఉంటది. ఒప్పందం రాసుకునేటప్పుడు ఆ మాట అడగాలె, అంతే.

చట్టం కూడా మన చేతిల ఒక ఆయుధం పెట్టింది. 2005 సమాచార హక్కు చట్టంల 4వ సెక్షన్ ఉన్నది. ప్రతి సర్కారు సంస్థ తనంతట తానే ప్రకటించవలసిన విషయాల జాబితా అండ్ల ఉన్నది. జనం కోసం లైబ్రరీ గాని, రీడింగ్ రూం గాని నడిపితే దాని పనివేళలు ప్రకటించాలని ఆ జాబితల స్పష్టంగ రాసిండ్రు. కాబట్టి ప్రతి యూనివర్సిటీని మనం రాతపూర్వకంగ అడుగుదాం. మీ లైబ్రరీ జనానికి తెరిచి ఉన్నదా? ఉంటే ఏ వేళల్ల? లేకపోతే ఏ తీర్మానం ప్రకారం మూసిండ్రు? ఆ తీర్మానం కాపీ ఇయ్యండి. నోటిమాట నిబంధన మీద గేటు మూసుడు ఇక చెల్లదు.

మన డిమాండ్లు ఇవి.

ఒకటి, బయటి పాఠకుల నిబంధనలు తెలుగుల, ఉర్దూల, ఇంగ్లిష్‌ల రాసి గేటు కాడ బోర్డు పెట్టాలె.

రెండు, ఏదన్నా ఒక సర్కారు గుర్తింపు కార్డు చూపిస్తే ఆ రోజు చదువుకోనియ్యాలె. సిఫారసు ఉత్తరం అడగొద్దు. పెద్దోళ్లు తెలిసినవాళ్లకే సిఫారసు దొరుకుతది.

మూడు, ఇంటికి పుస్తకం కావాలంటే వాపసిచ్చే డిపాజిట్ తీసుకొని, ఒకటో రెండో పుస్తకాలు 2 వారాలకియ్యాలె. డిపాజిట్ కూలి మనిషి కట్టగలిగేటట్టు ఉండాలె. రెఫరెన్సు పుస్తకాలు, పాత ప్రతులు, తాళపత్రాలు ఎవరికీ బయటకియ్యొద్దు. సిలబస్ పుస్తకాలల్ల ముందు హక్కు అక్కడి విద్యార్థులదే.

నాలుగు, యూనివర్సిటీ పుస్తకం జిల్లా గ్రంథాలయానికి తెప్పించుకునే ఏర్పాటు కావాలె. ఆదిలాబాద్ మనిషి ఒక్క పుస్తకం కోసం హైదరాబాద్ బస్సెక్కొద్దు.

ఐదు, ఖాళీ పోస్టులు నింపాలె. సిబ్బంది లేని లైబ్రరీకి తలుపు తెరిచినా లాభం లేదు.

అడిగేటోళ్లం మనం కూడా కొన్ని పాటించాలె. తీసుకున్న పుస్తకం గడువుల వాపసియ్యాలె. పేజీ చింపినోడు మనోడైనా సరే వెనకేసుకరావొద్దు. గేటు కాడ నిలబడ్డ సెక్యూరిటీ అన్నతోని కొట్లాట పెట్టుకోవద్దు. ఆయన కూడా కాంట్రాక్టు మీద బతికేటోడే. నిబంధన ఆయన రాయలేదు. రాసినవాళ్లు పైన కూసున్నరు, మన దరఖాస్తు వాళ్ల టేబుల్ మీద పడాలె.

భారత గ్రంథాలయ శాస్త్రానికి పెద్దదిక్కు రంగనాథన్ 1931ల ఐదు సూత్రాలు చెప్పిండు. వాటిల మొదటిదాని ప్రకారం పుస్తకాలున్నది వాడుకోవడానికే. దాచిపెట్టి దుమ్ము పట్టించనీకి కాదు.

ఈ సభ అయిపోయినంక బయట బల్ల మీద సమాచార హక్కు దరఖాస్తు నమూనాలున్నయి. తలా ఒకటి తీసుకపోండి. మీ జిల్లా యూనివర్సిటీ పేరు రాసి ఈ వారంలనే పంపండి. వచ్చిన జవాబులన్నీ ఒక్కకాడ పెట్టుకొని మళ్లీ కలుద్దాం. అప్పుడు వైస్‌ఛాన్సలర్ల దగ్గరికి ఉత్త చేతులతోని కాదు, వాళ్లిచ్చిన కాగితాలతోనే పోదాం.