బ్యాటరీ బండి – దాని జమాఖర్చు

(కామసముద్రమునందు జరిగిన మన సంఘ సభలో చేసిన ప్రసంగ పాఠము)



నడవలేని వృద్ధులను సంఘ మందిరమునకును, దేవాలయమునకును తీసికొనివచ్చి మరల ఇండ్లకు చేర్చుటకై ఒక బ్యాటరీ బండిని కొనవలెనని మన సంఘము తలపెట్టినది. గోల్ఫు మైదానములలో ఆటగాండ్రను తిప్పు బండి యిది. గోల్ఫు ఆట మన ప్రాంతమునకు క్రొత్తది కాదు. కోలారు బంగారు గనులలో ఆంగ్లేయులు దానికై ఒక మైదానమునే ఏర్పరచుకొనిరి. కాని ఈ బండి నేడు ఆటకే పరిమితము కాక, రైలు స్టేషన్లలోను, పెద్ద ఆసుపత్రులలోను నడవలేనివారిని మోయుచున్నది. మనకు దానితో గల పనియు అట్టిదే.

బేరమునకు వచ్చిన బండి పాతది. అందలి యాసిడ్ బ్యాటరీలను తీసివేసి లిథియం బ్యాటరీని అమర్చి ఇచ్చెదమనియు, పాత ఛార్జరు, పాత మీటరు చాలుననియు అమ్మువారు చెప్పుచున్నారు. ఛార్జింగునకు మందిరపు మెట్ల క్రింది గది సరిపోవునని మనలో కొందరి అభిప్రాయము. లిథియం బ్యాటరీ మంచిదే, దానిని కాదనము. కాని పాత ఛార్జరు, పాత మీటరు, మెట్ల క్రింది గది, ఈ మూడింటికి మాత్రము సంఘము ఒప్పుకొనరాదని మా మనవి. అందులకు గల కారణములను విన్నవించెదము.

1902లో శివసముద్రపు కావేరీ జలపాతము నుండి సుమారు 147 కిలోమీటర్ల దూరము తీగలు లాగి మన బంగారు గనులకు విద్యుత్తును తెచ్చిరి. ఆ గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడినవి. నాడు తీగపై వచ్చిన విద్యుత్తును వచ్చినది వచ్చినట్లు వాడుకొనవలసినదే. నేడు దానిని పెట్టెలో పోసి నిలువ చేసికొనుచున్నాము. సరకు నిలువయున్న చోట లెక్కయు, కావలియు ఉండవలెనని వర్తకులమైన మనకు వేరుగ చెప్పనక్కరలేదు.

లిథియం అయాన్ బ్యాటరీలు 1991లో మొదట అంగడికి వచ్చినవి. వాటికి బాటవేసిన గుడినఫ్, విటింగ్‌హామ్, యోషినో అను ముగ్గురు శాస్త్రజ్ఞులకు 2019లో నోబెల్ బహుమానము లభించినది. నేడు ఇట్టి బండ్లలో ఎక్కువగా వాడునది లిథియం ఇనుప ఫాస్ఫేటు రకము. దీనిని లోకమునకు తెలిపిన 1997 నాటి పరిశోధనా పత్రముపై గుడినఫ్‌తో పాటు పాఢీ, నంజుండస్వామి అనువారి పేర్లు ఉన్నవి. తక్కిన లిథియం రకముల కంటె ఇది వేడికి ఎక్కువ ఓర్చుకొనును. ఓర్చుకొనుననగా, ఎన్నటికిని అంటుకొనదని అర్థము కాదు.

ఈ రకములో ఒక్కొక్క సెల్లు 3.2 వోల్టులది. అట్టివి పదునారింటిని వరుసగా కలిపిన 51.2 వోల్టుల పెట్టె యగును. నింపునపుడు సెల్లు 3.65 వోల్టులను, పెట్టె 58.4 వోల్టులను దాటరాదు.

ఇక పాత ఛార్జరు సంగతి. యాసిడ్ బ్యాటరీ నిండిన పిమ్మటను దాని ఛార్జరు ఊరకుండదు. సెల్లులను సమము చేయుటకై కొన్ని ఛార్జరులు వోల్టేజిని 60కి పైగా ఎత్తును. మరికొన్ని నిండిన బ్యాటరీకే కొంచెము కొంచెము పోయుచుండును. యాసిడ్ బ్యాటరీకి అది సేవ. లిథియమునకు అది అపకారము. పెట్టెలో బి.ఎం.ఎస్. అను బోర్డు ఉండి ప్రతి సెల్లును కనిపెట్టుచు, హద్దు మీరగనే విద్యుత్తును నిలిపివేయునన్న మాట నిజమే. అయినను అది ఆపద్ధర్మమునకు పెట్టుకొన్న కావలి. వాకిట కుక్క ఉన్నదని తలుపులు తీసి నిద్రింతుమా? 58.4 వోల్టుల వద్ద తానుగ ఆగు లిథియం ఛార్జరునే బండితో పాటు తీసికొనవలెను.

పాత మీటరు చేయు మోసము ఇంతకంటె సూక్ష్మమైనది. యాసిడ్ బ్యాటరీ నిండుగా నున్నపుడు, బండిని కొంతసేపు నిలిపి చూచినచో, సుమారు 51 వోల్టులు చూపును. సగమునకు దిగినపుడు 48న్నరకు వచ్చును. కావున వోల్టేజిని చూచి నిలువను ఊహింపవచ్చును. లిథియం ఫాస్ఫేటు అట్లు కాదు. నూటికి 90 పాళ్ల నుండి 20 పాళ్లకు దిగినను దాని వోల్టేజిలో వచ్చు మార్పు రెండు వోల్టులకు మించదు. 20 పాళ్లు మాత్రమే మిగిలినను 51 వోల్టులకు పైగానే యుండును. పాత మీటరు దానిని నిండు బ్యాటరీయని చూపును! ఆ పిమ్మట వోల్టేజి హఠాత్తుగా పడిపోవును, బి.ఎం.ఎస్. విద్యుత్తును నిలుపును, నలుగురు వృద్ధులతో బండి ఎత్తుదారిలో నిలిచిపోవును.

మరి నిలువను తెలిసికొనుట ఎట్లు? మన చిట్టా ఆవర్జాలలో తెలిసికొన్నట్లే. ఇనుప పెట్టె బరువును చూచి అందులో రొక్కమెంతయో చెప్పగలమా? జమనుండి ఖర్చు తీసివేసి నిలువ తేల్చుదుము. షంటు మీటరు చేయు పని ఇదియే. బ్యాటరీ తీగలో అమర్చిన ఒక చిన్న లోహపు పలక గుండా లోనికి పోయినదెంత, బయటకు వచ్చినదెంతయని అది క్షణక్షణము లెక్కించును. 100 ఆంపియర్ గంటల బ్యాటరీ నుండి 30 ఖర్చైనచో 70 నిలువయని చూపును. ఏ లెక్కలోనైనను చిల్లర తేడాలు పేరుకొనును గదా! అందుచేత రెండు వారముల కొకసారి బ్యాటరీని పూర్తిగా నింపి, లెక్కను రొక్కముతో సరిచూచినట్లు, మీటరును సరిచేయవలెను. సెల్లులు సమమగుటకును అదే సమయము. తక్కిన దినములలో 80, 90 పాళ్ల వరకు నింపిన చాలును. నెల దినములు బండి కదలనిచో సగము నిలువతో ఉంచి, ఛార్జరును ఊడదీయవలెను.

ఈ పరిమాణపు బ్యాటరీలో పట్టునది సుమారు 5 యూనిట్లు. 20 ఆంపియర్ల ఛార్జరుతో నింపుటకు ఐదు గంటలు పట్టును. ఛార్జరులో పోవు నష్టముతో కలిపి గోడ మీటరులో 6 యూనిట్లకు దగ్గరగా తిరుగును. ఎండలో తిరిగివచ్చిన బండిని వెంటనే ఛార్జింగునకు పెట్టక నీడలో చల్లారనీయవలెను. 45 డిగ్రీల వేడి దాటిన బ్యాటరీని నింపరాదు.

ఇక గది మాట. 2022 ఏప్రిల్‌లో విజయవాడలో ఒక ఇంటి పడకగదియందు ఛార్జింగులో నున్న స్కూటరు బ్యాటరీ పేలి ఇంటి యజమాని మరణించెను. అదే సంవత్సరము సెప్టెంబరు 12న సికిందరాబాదులో క్రింద విద్యుత్ స్కూటర్ల దుకాణము, పైన వసతిగృహము గల భవనములో మంటలు లేచి, పొగ పైఅంతస్తులకు ప్రాకి ఎనమండుగురు ప్రాణములు కోల్పోయిరి. ఆ యేటి డిసెంబరు నుండి రోడ్లపై తిరుగు రెండు, మూడు చక్రముల విద్యుత్ బండ్ల బ్యాటరీ పరీక్షలను ప్రభుత్వము దశలవారిగా కఠినము చేసినది. ఎవరో కూర్చి పాత బండిలో పెట్టిన పెట్టె అట్టి పరీక్షకు నిలిచినదని మనంతట మనము నమ్మరాదు, ధ్రువపత్రము అడుగవలెను.

మన మందిరపు మెట్ల క్రింది గదిలో పరుపులు, చాపలు ఉన్నవి. పై గదిలో సాయంకాలము పిల్లలు తెలుగు చదువుకొనుచున్నారు. వారు దిగివచ్చుటకు ఆ మెట్లు తప్ప వేరు దారి లేదు. ఇంతకంటె మేము చెప్పవలసినది లేదు.

కావున సభవారికి మా సూచనలు ఇవి. లిథియం ఛార్జరు, షంటు మీటరు లేనిదే బండికి బయానా ఇయ్యరాదు. మందిరమునకు దూరముగా ఆవరణలో నాలుగువైపుల గాలియాడు రేకుల పందిరి వేయించి, ఎర్తు, ప్రత్యేకమైన స్విచ్చి అమర్చవలెను. మనుష్యులు మేల్కొనియున్న వేళలందే ఛార్జింగు చేయవలెను. ఒక యువకుని బాధ్యునిగా నియమించి, తేదీ, ఛార్జింగునకు ముందు నిలువ, పట్టిన యూనిట్లు, సెల్లులలో హెచ్చు తగ్గుల తేడా ఒక పుస్తకములో వ్రాయింపవలెను. ఆ తేడా వారము వారము పెరుగుచున్నచో అది వ్యాధికి తొలి లక్షణము. బ్యాటరీ ఉబ్బినను, పొగ వచ్చినను దగ్గరకు పోక, జనమును దూరముగా పంపి 101కి ఫోను చేయవలెను. ఈ సూచనలన్నియు తెలుగున, కన్నడమున పెద్ద అక్షరములతో పందిరిలో వ్రేలాడదీయవలెను. ఛార్జరుతో వచ్చు ఆంగ్లపు కాగితము పెట్టెలోనే ఉండిపోవును. మన పిల్లలలో తెలుగు చదువగలవారు కొందరు, కన్నడము చదువగలవారు అందరు.

పందిరికి, మీటరుకు ఖర్చు పెరుగునని కోశాధికారిగారు చింతింపవచ్చును. చందా ఇచ్చినవారు తమ తల్లిదండ్రులను ఈ బండిలో కూర్చుండబెట్టుటకే ఇచ్చిరి. ఆ నమ్మకమునకు తగిన లెక్క చూపుట మన విధి.